ఎడమవైపు బ్రేకు

కారు అరవై స్పీడులో ఉండగా దొరబాబు స్టీరింగ్ మీంచి రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

పక్క సీట్లో అతని భార్య వీరవేణి కళ్ళు మూసుకుని ఉంది. వెనక సీట్లో ఆమె తమ్ముడు సూరిబాబు, అతని భార్య, అత్తగారు ఒకరి మోచేయి ఒకరి డొక్కలో పెట్టుకుని సర్దుకున్నారు. డిక్కీలో రెండు బియ్యం బస్తాలున్నాయి. డ్యాష్‌బోర్డు మీద సబ్బుబిళ్ళంత తెల్లటి పెట్టె ఒకటి, ఆకుపచ్చ దీపం వెలిగించుకుని, వీళ్ళందరి సంగతీ వింటోంది.

"చూశావా సూరీ, ఎటూ లాగట్లేదు," అన్నాడు దొరబాబు. "చేతులు వదిలేస్తే ఎటు పోతుందో అదే బండి బుద్ధి."

"రోడ్డు చూడు బావా."

"రోడ్డెక్కడికి పోద్దిరా. పోతే బండే పోవాలి."

వెనక నుంచి సూరిబాబు అత్తగారు దేవుణ్ణి పేరు పెట్టి పిలిచింది. దొరబాబు నింపాదిగా స్టీరింగ్ పట్టుకుని, వెనకెవరూ రావట్లేదని అద్దంలో చూసి, ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. బండి తిన్నగా ఆగింది. బియ్యం బస్తా ఒకటి బోర్లా పడింది. వీరవేణి కళ్ళు తెరవలేదు.

"అదీ," అన్నాడు దొరబాబు గర్వంగా, బావమరిది వైపు తిరిగి. "మీ అక్క కదిలిందా? లేదు. నేను నడిపితే ఊరు దాటకముందే నిద్రపోద్ది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే."

ఆ రోజుల్లో హైదరాబాదులో స్టీరింగ్ ఉన్న కారు నడిపేవాళ్ళు లేరు. అక్కడ కార్లు వాటంతటవే పోతాయి, లోపల కూర్చున్నవాళ్ళు చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఫోన్లు పట్టుకుంటారు. ఆ సొగసు మన కాలవగట్ల మీద చెల్లలేదు. ఇక్కడ ఎదురుగా వచ్చే ట్రాక్టరుకి ఎవరు దారివ్వాలో చూపుల్లోనే తేలిపోతుంది. ఎవరి మేనమామ ఎవరో, పోయినేడు చేను గట్టు తగాదాలో ఎవరిది పైచేయో, అన్నీ ఆ చూపులో ఉంటాయి. అదంతా డ్రైవరు లేని కారు బుర్రకెక్కలేదు. ఒక కంపెనీవాళ్ళు తెచ్చి ప్రయోగం చేస్తే, ఆ కారు గట్టు మీద ఒక గేదెకి మర్యాదగా దారిచ్చి, గేదె వెనక్కి ఇవ్వకపోయేసరికి పొద్దుగూకేదాకా అక్కడే నిలబడింది. కంపెనీ వెళ్ళిపోయింది. గేదె ఉంది.

అందుకని పట్నాలు వదిలేసిన స్టీరింగ్ కార్లన్నీ లారీలెక్కి ఇటు వచ్చాయి. రాజవరంలో మూతబడ్డ రైసుమిల్లు ఆవరణలో సోమవారం సోమవారం పాత కార్ల సంత. ఆ సంతలో దొరబాబుని తెలియనివాళ్ళు లేరు. జీవితమంతా తన ఊరు లంకమూల వాళ్ళకి కిరాయి కార్లు తోలాడు. ఎవరు బండి కొన్నా ముందు అతన్ని తీసుకెళ్ళి నడిపించి చూడటం లంకమూల వాళ్ళ ఆనవాయితీ. బండి దగ్గరికెళ్ళగానే అతను తాళం అడగడు. ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. వెచ్చగా ఉంటే అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి దగ్గు తగ్గించాడని అర్థం, చల్లారేదాకా అరుగు మీద కూర్చుంటాడు. కిలోమీటర్ల మీటరు చూడడు, పెడల్ మీది రబ్బరు ఎంత అరిగిందో చూస్తాడు. మీటరు తిప్పగలరు గానీ రబ్బరుని ఎవరూ తిప్పలేరంటాడు. డిక్కీలో కార్పెట్ ఎత్తి వెల్డింగ్ మచ్చలు వెతుకుతాడు. రేడియో కట్టేస్తాడు. ఏసీ వేసి వంతెన ఎక్కిస్తాడు. ఇవేవీ చూసుకోకుండా మన ప్రెసిడెంటు బుల్లిరాజుగారు అద్దంలా మెరుస్తోందని తనంతట తానే ఒక బండి కొనుక్కొచ్చారు. అది వరదలో మునిగిన బండి. సీటు కింద ఎండిన నాచు దొరికింది. వాన పడితే ఇప్పటికీ చేపల పులుసు వాసన వస్తుంది. ప్రెసిడెంటుగారు దాన్ని ఫారిన్ సెంటంటారు.

దొరబాబు నియమాల్లో ముఖ్యమైనది మాత్రం బరువు. "కొనే బండిని కొనే బరువుతో నడపాలి. ఒక్కడే ఎక్కి చూసి, తర్వాత ఇంటిల్లిపాదినీ ఎక్కిస్తే, పెళ్ళిచూపులు ఒకర్తెకీ పెళ్ళి ఇంకొకర్తెకీ చేసినట్టు," అంటాడు. అందుకే లంకమూల నుంచి ఎవరు సంతకొచ్చినా ఆడామగా అత్తామామా కలిసొస్తారు. బ్రోకర్లు వాళ్ళని చూడగానే టైర్లలో గాలి సరిచూసుకుంటారు.

ఇన్నాళ్ళూ ఇతరుల కోసం నడిపిన ఆ మనిషి మొదటిసారి తన కోసం బండి చూసుకుంటున్నాడు. మోకాళ్ళు కిరాయిలకి సహకరించట్లేదు. పిల్ల పెళ్ళై కాపురానికెళ్ళింది. ఇక తనూ వీరవేణీ ఇద్దరే కూర్చుని, ఎవరూ వెనక సీట్లోంచి ‘ఇంకెంతసేపు’ అని అడగకుండా, అరకు దాకా పోవాలని కోరిక. ఆ సంగతి ఊళ్ళో అందరికీ చెప్పాడు. వీరవేణికి కూడా చెప్పాడు. ఆమె "మీ ఇష్టం" అంది. దాన్ని అతను సంతోషమనుకున్నాడు. మొగుళ్ళకి ఆ మాట అలాగే వినపడుతుంది.

ఆ తెల్లటి పెట్టె సంగతి. దాని పేరు ‘తేట’. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసే డాక్టర్ మోక్షిత దాన్ని తయారుచేసి, పరీక్షించుకోడానికి సంతకు తెచ్చింది. ముప్పై దాటిన పిల్ల. ఎంత పెద్ద సంగతైనా నెమ్మదిగా, తడబడకుండా చెబుతుంది. ఎవరు ఏమడిగినా నిజం చెప్పేస్తుంది. అందుకే ఇంకా పెళ్ళి కాలేదని సంతలో టీ కాసే ముసలమ్మ తీర్పు.

"దీని చెవులెక్కడమ్మా?" అని పొద్దున్న దొరబాబు అడిగాడు.

"చక్రాల దగ్గర నాలుగు, ముందు సీట్లో వాళ్ళ కాళ్ళ కింద మ్యాట్‌లో ఒకటి పెట్టానండి. కారు కదిలితే ఊగుతుంది కదా. ఆ ఊపులో మూడుంటాయి. రోడ్డుది, బండిది, లోపలున్న మనుషులది. మూడూ కలిసి బురద నీళ్ళలా వస్తాయి. ఇండుపగింజ అరగదీసి కలిపితే మట్టి అడుక్కి పోయి నీళ్ళు తేరుకుంటాయి చూశారా, ఇది అలా విడదీస్తుంది. చివరికి మిగిలేది బండి ఒక్కటే. దాని జబ్బేదో అప్పుడు తెలుస్తుంది."

"మనుషుల ఊపు ఏదో, బండి ఊపు ఏదో దానికెలా తెలుస్తుంది?"

"తేలికేనండి. బ్రేకు వేస్తే మనిషి ఆ తర్వాత ముందుకి తూలతాడు. బ్రేకు కంటే ముందే ఏదైనా కదిలిందంటే అది మనిషి కాదు, బండిలో వదులైన భాగం."

"మరి మనుషుల భాగాన్ని ఏం చేస్తావు?"

"పారేస్తానండి. కారు కొనేవాళ్ళకి దానితో ఏం పని?"

డాక్టరమ్మ ఈ లెక్కంతా పట్నంలో ఒంటరిగా కారెక్కే మనుషుల మీద కట్టింది. లంకమూల వాళ్ళు కారెక్కే పద్ధతి ఆమె చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

బండి మిల్లు ఆవరణలోకి వచ్చి ఆగింది. దొరబాబు ముఖం వెలిగిపోతోంది. బ్రోకరు గోవిందు ఆ వెలుగు చూసి మనసులోనే ధర పెంచాడు. చుట్టూ నలుగురూ చేరారు. అప్పుడు తేట, రేడియోలో వార్తలు చదివే ఆవిడ గొంతుతో, బండి జాతకం చెప్పింది.

"ఇంజను బాగుంది. గేరుబాక్సు బాగుంది. వెనక షాక్ అబ్జార్బర్లు బాగున్నాయి. ముందు ఎడమవైపు ఫ్లోరు కింద ఒక భాగం వదులుగా ఉంది. ప్రతి బ్రేకుకీ ముందు కొట్టుకుంటోంది."

గోవిందు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఫ్లోరు వదులా? మా ఇంటి గచ్చు వదులవుద్దేమో గానీ ఈ బండి ఫ్లోరు వదులవదండి."

"మిషన్ చెబుతోంది కదా," అన్నాడు దొరబాబు. అతనికి కోపం రాలేదు, ఉత్సాహం వచ్చింది. లోపం లేని బండిని పరీక్షించడం అతనికి ఉప్పు లేని కూర. చొక్కా చేతులు మడిచి, మ్యాట్ ఎత్తి, స్పానరుతో ఫ్లోరంతా కొట్టి చూశాడు. గట్టిగా ఉంది. నేల మీద వెల్లకిలా పడుకుని కిందనుంచి చూశాడు. తుప్పు లేదు, వెల్డింగ్ లేదు, ఒక బోల్టు కూడా కదల్లేదు.

వీరవేణి కాస్త దూరంలో చింతపండు రంగు చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నిలబడింది. "ఏవండీ," అంది. "తలనొప్పిగా ఉంది. పై వారం వద్దాం."

"బండి నొప్పి దొరకనీ, నీ నొప్పీ పోద్ది."

"వేరే బండి చూడకూడదా పోనీ?"

"ఇంత మంచి బండిని ఒక్క చప్పుడుకి వదిలేస్తామా?" అన్నాడు దొరబాబు. చుట్టూ ఉన్నవాళ్ళకి వినపడేలా, "చప్పుడుని పట్టుకోవాలంటే ఒక్కొక్కటే తీసేసుకుంటూ రావాలి," అని తన పద్ధతి వివరించాడు.

ముందు బియ్యం బస్తాలు దించాడు. తర్వాత మనుషుల్ని దించాడు. ఒక్కడే వంతెన దాకా వెళ్ళొచ్చాడు. తేట ఏ లోపమూ లేదంది. గోవిందు తన బండిని ప్రేమగా నిమిరాడు. దొరబాబు సూరిబాబుని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మళ్ళీ వెళ్ళొచ్చాడు. సూరిబాబు వీరవేణి కంటే చాలా బరువు, ఆ సంగతి సీటు కూడా ఒప్పుకుంటుంది. అయినా తేట ఏ లోపమూ లేదంది.

"బరువు వల్ల కాదన్నమాట," అన్నాడు దొరబాబు గడ్డం గోక్కుంటూ. "వేణీ, నువ్వు ఎక్కు."

"సూరిగాణ్ణే తీసుకెళ్ళండి."

"వాడితో అయిపోయింది. ఎక్కవే, ఒక్క రౌండు."

ఆమె తమ్ముడి వంక ఒకసారి, డాక్టరమ్మ వంక ఒకసారి చూసి బండెక్కింది. తలుపు వేసుకుంది. బండి గేటు దాటకముందే కళ్ళు మూసుకుంది.

దొరబాబు ఈసారి చెవులు రిక్కించి నడిపాడు. కాలవ మలుపు దగ్గర ఎదురుగా సైకిలొచ్చింది. అతను బ్రేకు మీద కాలు పెట్టబోతుండగా చప్పుడు వినపడింది, ఎడమవైపు కింద, మెత్తగా. దొరికిందనుకుని తల తిప్పి చూశాడు.

వీరవేణి ముఖం ఎప్పట్లాగే ప్రశాంతంగా ఉంది. తల సీటుకి ఆనించి ఉంది. కింద ఆమె కుడికాలు చెప్పులోంచి బయటికొచ్చి, నేలని తొక్కి పట్టి ఉంది. వేళ్ళు తెల్లబడ్డాయి. ఎడమ చెయ్యి కొంగు చాటున తలుపు పిడిని పట్టుకుని ఉంది.

అతను కావాలనే ఏమీ లేని చోట బ్రేకు మీదికి కాలు తెచ్చాడు, తొక్కలేదు. ఇంజను రొద ఆ రవంత మారేసరికే ఆమె కాలు నేలని నొక్కింది. కళ్ళు మూసుకున్న మనిషి ఇంజను చప్పుడు అంత శ్రద్ధగా వినడం దొరబాబు తన వృత్తిలో ఎవరిలోనూ చూడలేదు.

మిల్లులోకి వచ్చి ఆపాడు. తేట ఆ ఎడమ ఫ్లోరు మాటే మళ్ళీ, అంతే స్పష్టంగా చదివింది.

"బండి తీసుకుంటాను," అన్నాడు దొరబాబు. "లోపమేం లేదు."

ఆ మాటతో ఊరుకుంటే గోవిందు బ్రోకరెలా అవుతాడు? "అలా అంటే ఎలాగండి. నా బండికి ఫ్లోరు జబ్బుందని సంతంతా విన్నాది. రేపు నా బళ్ళన్నిటికీ అదే అంటారు. మిషన్ తప్పో, బండి తప్పో తేలాలి. చెప్పండి డాక్టరమ్మా."

మోక్షిత అప్పటికే తన ట్యాబ్‌లో గీతలన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తోంది. ఆమె దొరబాబు ముఖం చూసి ఉంటే బాగుండేది. గీతలే చూసింది.

"రెండూ తప్పు కాదండి," అంది నెమ్మదిగా. "అది బండి భాగం కాదు, అమ్మగారి కాలు. ఆయన బ్రేకు వేసేలోపే ఆవిడ వేస్తున్నారు. మనిషి బ్రేకుకి ముందే కదులుతాడని నా లెక్కలో లేదు. ఆవిడకి బాగా భయంగా ఉన్నట్టుంది."

సంతలో ముందుగా నోరు విప్పింది సూరిబాబు. అతను చెడ్డవాడు కాదు, తెలియని సంగతి తెలుసుకోవాలన్న కోరిక తప్ప వేరే దురుద్దేశం అతనికి పుట్టుకతోనే లేదు.

"మరి అక్క నిద్రపోద్ది కదా బావా?"

చెరుకురసం బండి దగ్గర బల్ల మీద మొగుడూ పెళ్ళాం కూర్చున్నారు. తక్కినవాళ్ళు దూరంగా ఉండి అటు చూడనట్టు చూస్తున్నారు.

"నువ్వు నిద్రపోవా?" అన్నాడు దొరబాబు.

"ఎప్పుడైనా ఒక కునుకు." రసంలో ఐసు ముక్కని వేలితో పక్కకి నెట్టింది. "బండి ఆగినప్పుడు."

"ఎప్పట్నుంచి ఇలా?"

"పుంత తూము దగ్గర్నుంచి."

పుంత తూము కథ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. పెళ్ళిళ్ళలో రెండో బంతి లేచాక దొరబాబు తప్పకుండా చెబుతాడు. వెనక బస్సు హారన్, ముందు చెరుకు ట్రాక్టరు, పక్కన కాలవ. సందులోంచి బండిని సూదిలో దారంలా దూర్చిన వైనం. ఒక చేత్తో సైడు అద్దం మడిచిన చోట వినేవాళ్ళు చప్పట్లు కొడతారు. ఆ రోజు పక్క సీట్లో ఎవరున్నారో ఆ కథలో ఎప్పుడూ రాదు.

"ఆ రోజు బండికి ఒక్క గీత పడలేదు," అన్నాడు.

"బండికి పడలేదు," అంది వీరవేణి.

అతను గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు.

"కళ్ళెందుకు మూసుకుంటావు మరి?"

"తెరిస్తే అరుస్తాను. అరిస్తే మీకు కోపం. కోపమొస్తే ఇంకా స్పీడు తోల్తారు. మూసుకుంటే మీకు సంతోషం, నిద్రపోయిందని అందరికీ చెప్పుకుంటారు. సంతోషంగా ఉన్నప్పుడు కొంచెం నెమ్మదిగా తోల్తారు."

"చెప్పొచ్చు కదా వేణీ."

"మొదట్లో చెప్పానండి. ఆడవాళ్ళకి బండి సంగతేం తెలుసన్నారు. మీ స్నేహితులు నవ్వారు." కాస్త ఆగి, "నేనూ నవ్వాను," అంది.

దొరబాబు ఆ బండే కొన్నాడు. కొనకపోతే సంతలో మాటలు ఇంకా పెరుగుతాయని ఒక కారణం. ఆమె కాలు తెల్లబడిన ఆ బండిలోనే ఆమెకి నిజంగా నిద్ర పట్టించాలని రెండో కారణం. ఈ రెండోది ఎవరికీ చెప్పలేదు. మోక్షితని అడిగి తేటని కూడా డ్యాష్‌బోర్డు మీదే ఉంచుకున్నాడు. తన లెక్క ఎక్కడ తప్పిందో తెలుసుకోవాలని డాక్టరమ్మ కూడా సరేనంది. ఆయన కోరితే ఎడమ ఫ్లోరు లెక్క బండి స్క్రీన్ మీద విడిగా కనపడేలా మార్చి ఇచ్చింది.

ఆ సోమవారం తర్వాత రాజవరం సంత తీరే మారింది. మోక్షిత పారేస్తానన్న మనుషుల భాగమే అందరికీ కావాల్సి వచ్చింది. కార్లు కొనే ఉద్దేశం లేనివాళ్ళు కూడా టెస్ట్ డ్రైవ్‌కి వరస కట్టారు. బుల్లిరాజుగారి భార్య మొగుడి పక్కన కూర్చుని వంతెన దాకా వెళ్ళొచ్చి, వచ్చిన లెక్క చూపించి, ఇక బస్సులోనే తిరుగుతానని ప్రకటించింది. ఒక అత్తగారు కోడలి చేత నడిపించుకుని, తన కాలు ఎక్కడా కదల్లేదని కాగితం అచ్చు వేయించుకుని గోడకి తగిలించింది. అది కోడలి మీద నమ్మకమో, అత్తగారికి కాలు తిమ్మిరో ఎవరూ తేల్చలేకపోయారు. గోవిందు రౌండుకింత అని వసూలు చేసుకున్నాడు. బళ్ళు మాత్రం అమ్ముడవలేదు.

దొరబాబు ఊళ్ళో ముప్పై దాటి నడపడం మానేశాడు. పాలవాళ్ళ మోపెడ్లు అతన్ని దాటుకుపోయేవి. దాటిపోతూ, ‘బాబాయ్, పంక్చరా?’ అని పలకరించేవి. మలుపు ఇంకా అల్లంత దూరంలో ఉండగానే బ్రేకు మీద కాలు పెట్టేవాడు. పుంత తూము కథ చెప్పమంటే గొంతు బాగాలేదనేవాడు. ఇంత చేసినా రోజూ స్క్రీన్ మీద ఆమె కాలి గీత ఎంతో కొంత లేస్తూనే ఉండేది. లేచిందా లేదా అని అతను మాటిమాటికీ స్క్రీన్ చూసేవాడు. అతను రోడ్డు వదిలి స్క్రీన్ చూసినప్పుడల్లా గీత ఇంకా లేచేది. ఈ రెండింటికీ సంబంధం ఉందని అతనికి చాలా ఆలస్యంగా తట్టింది.

"మీరు దాన్ని చూడకండి," అంది ఒకరోజు వీరవేణి, మెల్లగా.

"నీకోసమేగా చూస్తున్నా."

ఆ తర్వాత కొద్దిరోజులకి గీత పడుకుంది. కూరగాయల మార్కెట్‌కి వెళ్ళొస్తే సున్నా. కూతురింటికి వెళ్ళొస్తే సున్నా. దొరబాబు నమ్మలేక, పెట్టె చెడిపోయిందేమోనని వేలితో కొట్టి చూశాడు. చెడిపోలేదు. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర అందరికీ తనే టీలు చెప్పాడు. "మీ అక్క కాలు ఇప్పుడు కదలట్లేదురా," అని సూరిబాబుతో అన్నాడు. సూరిబాబు టీతో పాటు రెండు బిస్కెట్లు కూడా తిన్నాడు.

మర్నాడే కాజాల డబ్బా కట్టించుకుని, వీరవేణిని ఎక్కించుకుని కాకినాడ బయలుదేరాడు. డాక్టరమ్మ లేకపోతే ఈ రోజు వచ్చేది కాదని అతని నమ్మకం. కాలేజీ ఆవరణలో వేపచెట్టు నీడన బండి ఆపాడు.

"నువ్వూ రా లోపలికి."

"మీరెళ్ళి రండి. నేనిక్కడే కూర్చుంటాను," అంది వీరవేణి.

మోక్షిత కాజాలు తీసుకుని, దొరబాబుకి కుర్చీ వేసి, బండిలోంచి తెచ్చిన పెట్టెని కంప్యూటరుకి తగిలించింది. సున్నాలు చూసి ఆమె కూడా నవ్వింది. తర్వాత మామూలుగా తక్కిన గీతలు కూడా తెరిచింది. నవ్వు ఆగిపోయింది.

"ఏంటమ్మా?"

సంతలో జరిగిన దాని నుంచి ఆమె ఒక పాఠం నేర్చుకుంది. ఈసారి ముందు ఆయన ముఖం చూసింది. చెప్పాలా వద్దా అని ఆలోచించింది. కానీ అడిగితే నిజం చెప్పడం తప్ప ఆ పిల్లకి వేరే విద్య రాదు.

"ఫ్లోరు మీద అమ్మగారి కాళ్ళ బరువే లేదండి. చక్రాల మీద మాత్రం మనిషి బరువు తగ్గలేదు, అంటే బరువంతా సీటు మీదే ఉంది. నాలుగైదు ప్రయాణాల నుంచీ ఆవిడ కాళ్ళు పైన పెట్టుకుని, మఠం వేసుకుని కూర్చుంటున్నారు."

కిటికీలోంచి వేపచెట్టు కనపడుతోంది. దొరబాబు అటు చూశాడు. బండి నీడలో ఉంది, లోపలున్నది కనపడదు.

"అవును, కాళ్ళు పైన పెట్టుకుంటోంది," అన్నాడు. "భయం పోయి హాయిగా కూర్చుంటోందనుకున్నాను."

"దీనికి మార్గం ఉందండి," అంది మోక్షిత. తప్పు దిద్దుకునే ఆత్రంలో ఆమె మాట కొంచెం వేగం పెరిగింది. "సీటు కుషన్ కింద పలుచటి సెన్సార్ పెడతాను. తలుపు పిడికి ఒకటి. ఎంత గట్టిగా పట్టుకుంటున్నారో తెలుస్తుంది. సీటు బెల్టులో ఒకటి పెడితే ఊపిరి కూడా లెక్క తేలుతుంది. అప్పుడిక పొరపాటు ఉండదు."

దొరబాబు పెట్టెని ఆమె వైపు నెట్టాడు.

"వద్దమ్మా. కాలు పట్టుకున్నాం. చెయ్యి పట్టుకుంటామంటున్నావు. ఊపిరి కూడా పట్టుకుంటే, ఇక ఆవిడ తన భయాన్ని ఎక్కడ దాచుకుంటుంది?"

అతను లేచి, పెట్టెని ఆమె బల్ల మీదే వదిలేసి, కాజాలు మెత్తబడకముందే తినమని చెప్పి బయటికొచ్చాడు.

బండిలో వీరవేణి కళ్ళు తెరిచే ఉంది. అతను ఎక్కగానే డ్యాష్‌బోర్డు మీద పెట్టె ఉన్న చోట మిగిలిన తెల్లటి మచ్చని చూసింది. ఏమైందని అడగలేదు. అతనూ చెప్పలేదు. అడగకుండా ఉండటంలో ఆమెకి అనుభవముంది, ఆ రోజు అతనికీ కాస్త అబ్బింది. ఇంజను స్టార్ట్ చేయగానే ఆమె చెప్పులు విడిచి, కాళ్ళు సీటు మీదికి తీసుకుని, కుచ్చిళ్ళు సర్దుకుంది. గమనించేవాళ్ళెవరూ ఇక లేకపోయినా.

‘వేణీ, కాళ్ళు దించుకో. భయమైతే నేలని తొక్కు. నేను చూడను,’ అని చెబుదామని అతను పట్నం దాటేదాకా అనుకున్నాడు. పొలాలొచ్చాయి. పొలాల్లో చెబుదామనుకున్నాడు. ఎలా మొదలుపెట్టినా, ‘నువ్వు నన్ను మోసం చేశావని నాకు తెలిసిపోయింది’ అన్నట్టే వచ్చేలా ఉంది. ఆమె చేసింది మోసమూ కాదు. మొగుడు సంతోషంగా ఉంటే బండి నెమ్మదిగా పోతుందని పాతికేళ్ళ కిందటే కనిపెట్టింది. ఆ విద్యనే ఇప్పుడు కాస్త దిద్దుకుంది.

రైలు గేటు పడి ఉంది. దొరబాబు బండిని ఒక పక్కకి తీసి, ఇంజను ఆపేశాడు. రైలు జాడ లేదు. గట్టు కింద కొంగలు తప్ప కదిలేది ఏదీ లేదు. అలాంటి చోట బండిలో కూర్చున్నవాళ్ళకి భయపడటానికి ఏమీ ఉండదు. వీరవేణి తల సీటుకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, కాళ్ళు పైనే పెట్టుకుని కూర్చుంది.

"వేణీ," అన్నాడు దొరబాబు. "నిద్రపోయావా?"

"ఆఁ," అంది ఆమె కళ్ళు తెరవకుండా. "ఎప్పుడో పోయాను."

"మంచిది," అన్నాడు.

రైలు వెళ్ళాక గేటు లేచింది. వెనక బళ్ళు హారన్లు మోగించాయి. నిద్రపోతున్న మనిషిని లేపకుండా పోవాలన్నట్టు అతను మొదటి గేరులో, మెల్లగా, పట్టాలు దాటించాడు.